నిశ్శబ్దమంతా రబ్బరులోనే ఉంది

మూడేళ్ళ కిందట నేను తొమ్మిదేళ్ళ వయసున్న ఒక పెద్ద జర్మన్ సెడాన్ కొన్నాను. ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, లోపల లేత గోధుమరంగు లెదర్ సీట్లు, మీటరు మీద 58,000 కిలోమీటర్లు. చూసినవాళ్ళందరిదీ ఒకటే మాట: తొమ్మిదేళ్ళకు ఇంతేనా తిరిగింది, కొత్త బండి కిందే లెక్క, వదలొద్దు అని. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు ఎవరైనా నన్ను సలహా అడిగితే కిలోమీటర్ల మాట పక్కనపెట్టి ముందు తయారైన ఏడాది చెప్పమంటున్నాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

కొన్న రెండో నెలలో మొదలైంది. పొద్దున్నే స్టార్ట్ చేసి, డ్రైవ్‌లో వేసి, సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు పెట్టి ఆగితే స్టీరింగ్‌లో సన్నటి వణుకు. వైబ్రేషన్‌లో ఉన్న ఫోన్ బల్ల మీద మోగితే ఎలా ఉంటుందో అలా. న్యూట్రల్‌లోకి తెస్తే సగానికి సగం తగ్గిపోయేది. నాకు టెన్షన్ పట్టుకుంది. మిస్‌ఫైర్, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండడం లేదు అనుకుని స్పార్క్ ప్లగ్గులు మార్పించాను, రెండు ఇగ్నిషన్ కాయిల్స్ కూడా మార్పించాను, అయినా వణుకు వదల్లేదు. చివరికి ఇలాంటి బండ్ల మీదే ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన స్కానర్ కూడా పెట్టలేదు. బానెట్ ఎత్తి, పక్కకి నిలబడి, నన్ను బ్రేకు గట్టిగా తొక్కిపట్టి ఒకసారి డ్రైవ్‌లో, ఒకసారి రివర్స్‌లో వేయమన్నాడు. ఇంజిన్ ఎంత ఊగుతోందో చూశాడు.

"ఇంజిన్‌కి ఏం కాలేదు సార్, మౌంటింగులు కూర్చున్నాయి."

"58 వేలకే కూర్చుంటాయా అన్నా?"

"రబ్బరుకి కిలోమీటర్లు ఏం తెలుసు సార్, దానికి ఏళ్ళే లెక్క."

మౌంటింగులంటే ఇంజిన్‌ని కింద మోసే దిమ్మలు. విప్పాక పాతది ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పిడికిలి కంటే కాస్త పెద్దది, బయట అల్యూమినియం, మధ్యలో నల్ల రబ్బరు, ఆ రబ్బరు అంచున వెంట్రుకంత చీలిక, చీలిక కింద ఎండి అట్టకట్టిన మరక. అది వట్టి రబ్బరు దిమ్మ అనుకుంటాం గానీ లోపల రెండు గదులుంటాయి, వాటి మధ్య ఒక ఇరుకు దారి ఉంటుంది, అంతా గ్లైకాల్ లాంటి ద్రవంతో నిండి ఉంటుంది. ఇంజిన్ వణికినప్పుడు ఆ ద్రవం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఇరుకు దారి గుండా పారుతూ వణుకుని అక్కడే మింగేస్తుంది. చీలికలోంచి ద్రవం కారిపోయాక మిగిలేది ఖాళీ తిత్తి. కొత్తదాన్ని పక్కన పెట్టి చూస్తే పాతది దాదాపు ఒక వేలు మందం దిగిపోయి ఉంది. ఆ వేలు మందమే నా స్టీరింగ్‌లో వణుకు.

ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించాను, అసలు లగ్జరీ కారుకి మనం అంత డబ్బు ఎందుకు పెడతామా అని. స్క్రీన్లూ లెదర్ సీట్లూ ఇప్పుడు చిన్న కార్లలోనూ వస్తున్నాయి. పెద్ద సెడాన్‌లో మాత్రమే దొరికేది ఒకటుంది, తలుపు వేయగానే బయటి రొదంతా తెగిపోతుంది, గతుకు మీద చక్రం దూకినా లోపల కూర్చున్నవాళ్ళ మాట తెగదు. ఆ సుఖం ఎక్కడినుంచి వస్తుందో వెతుక్కుంటూ పోతే దాదాపు అంతా రబ్బరే. ఇంజిన్ కింద మౌంటింగులు, గేర్‌బాక్స్ కింద మౌంటింగ్, సస్పెన్షన్‌ని మోసే సబ్‌ఫ్రేమ్ అనే చట్రానికీ బాడీకీ మధ్య బుష్‌లు (కీళ్ళ దగ్గర ఉండే రబ్బరు గొట్టాలు), డిఫరెన్షియల్‌కి వేరే బుష్‌లు, తలుపులకు రెండు వరసల బీడింగులు, కొన్ని కార్లలో స్ప్రింగుల స్థానంలో గాలి నింపిన రబ్బరు తిత్తులు.

సస్పెన్షన్ సంగతే చూడండి. 1982లో మెర్సిడెస్ తన 190 మోడల్‌లో వెనక ఒక్కో చక్రాన్ని పట్టి ఉంచడానికి ఐదు లింకులు, అంటే ఐదు కడ్డీలు పెట్టింది, తర్వాత పెద్ద సెడాన్లు చాలావరకు అలాంటి మల్టీలింక్ దారే పట్టాయి. ఐదు లింకులంటే లింకుకి రెండు కొసలు, కొసకో బుష్ లేదా జాయింట్. వెనక రెండు చక్రాలకే ఇరవై దాకా కీళ్ళన్నమాట. మామూలు చిన్న కారుకి వెనక ఒకే అడ్డ బీమ్ ఉంటుంది, దాన్ని బాడీకి పట్టి ఉంచేవి రెండే పెద్ద బుష్‌లు. చిన్న కారు పదేళ్ళకు రెండు బుష్‌లు అడిగితే పెద్ద కారు ఇరవై అడుగుతుంది. అది దాని లోపం అని నేననుకోను, దాన్ని అంత హాయిగా చేసిందే ఆ ఇరవై కీళ్ళు. 1989లో లెక్సస్ ఎల్‌ఎస్ 400 వచ్చినప్పుడు బానెట్ మీద షాంపేన్ గ్లాసుల్ని పిరమిడ్‌లా పేర్చి, కారుని రోలర్ల మీద పరిగెత్తించి, ఒక్క గ్లాసు కదలలేదని ప్రకటన తీశారు. ఆ గ్లాసులు నిలబడడంలో ఇంజిన్ గొప్పతనం ఎంతుందో, దాన్ని మోసిన మౌంటింగుల గొప్పతనమూ అంతే ఉందని నా నమ్మకం.

ఇనుము, అల్యూమినియం భాగాలు ఆయిల్ సరిగ్గా మారుస్తుంటే లక్షల కిలోమీటర్లు నడుస్తాయి. రబ్బరు వేరు. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఇంజిన్ వేడి, ఈ మూడూ కలిసి దాన్ని రోజూ కొంచెం కొంచెం గట్టిపరుస్తూ ఉంటాయి, దాన్ని మెత్తగా ఉంచే పదార్థాలు మెల్లగా బయటికి పోతుంటాయి. కారు తిరిగినా తిరగకపోయినా ఇది ఆగదు. పైగా ఎక్కువకాలం కదలకుండా నిలబడ్డ కారులో ఆయిల్ సీళ్ళ పెదాలు తడి లేక ఎండిపోతాయి, టైర్లు ఒకే చోట నొక్కుకుపోతాయి, ఏసీ గ్యాస్ ఎండిన సీళ్ళ దగ్గర కారిపోతుంది. అందుకే అదే ఏడాదిలో తయారైన రెండు కార్లలో ఒకటి 55,000 తిరిగి ఎక్కువకాలం షెడ్డులో నిద్రపోయినది, ఇంకొకటి 1,40,000 తిరిగి ప్రతి పనికీ బిల్లు ఉన్నది నా ముందు పెడితే నేను రెండోదే తీసుకుంటాను. రెండోదానికి బుష్‌లు, పైపులు, మౌంటింగులు ఒకసారి ఎలాగూ మారి ఉంటాయి. మొదటిదానికి అవన్నీ కొన్నవాడి నెత్తిమీద పడతాయి, నా మీద పడినట్టే.

కొనేముందు చూడాల్సినవి ఈ లెక్కలోంచే వస్తాయి. పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్ళి చూడండి, అమ్మేవాళ్ళు ముందే స్టార్ట్ చేసి వేడిచేసి పెడితే ఇంకో రోజు వస్తామని చెప్పండి. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి, 2316 అని ఉంటే 2016లో 23వ వారం అని అర్థం. నాలుగు టైర్లకు నాలుగు వేర్వేరు ఏళ్ళు, నాలుగు వేర్వేరు కంపెనీలు కనిపిస్తే ఆ ఓనరు మిగతావి కూడా అలాగే చూసుకున్నాడని నేను అనుకుంటాను. తలుపు బీడింగుని బొటనవేలితో నొక్కి వదలండి, వెంటనే లేస్తే బతికే ఉంది, నొక్కిన గుంట అలాగే ఉంటే దాని పని అయిపోయింది. కాళ్ళ దగ్గర కార్పెట్ మీద అరచెయ్యి గట్టిగా అదిమి తడి తెలుస్తోందేమో చూడండి.

కారు కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్, చవకరకందైనా, వెంట ఉండాలి. చెక్ ఇంజిన్ లైట్ వెలగడం లేదు కదా అని ఊరుకోకూడదు, అరగంట ముందే కోడ్లన్నీ చెరిపేసి ఉండొచ్చు. కోడ్లు చెరిపితే కారు తనను తాను పరీక్షించుకునే రెడీనెస్ మానిటర్లు కూడా మొదటికి వస్తాయి, మళ్ళీ పూర్తవడానికి కొన్ని రోజులపాటు రకరకాలుగా నడపాలి. స్కానర్‌లో అవి సగానికి పైగా అసంపూర్తి అని కనిపిస్తే ఎవరో ఈమధ్యే ఏదో చెరిపారన్నమాట, లేదా బ్యాటరీ తీసిపెట్టారు, ఏదైనా సరే అడిగి తెలుసుకోవాల్సిన సంగతే. మీటర్ తిప్పారేమో అన్న అనుమానానికి కూడా ఒక మార్గం ఉంది, ఇలాంటి కార్లలో చాలావాటికి కిలోమీటర్ల లెక్క మీటర్లోనే కాకుండా ఇంకో ఒకటి రెండు కంప్యూటర్లలో కూడా ఉంటుంది, ఆ బ్రాండ్‌కి సరిపోయే మంచి స్కానర్ ఉన్నవాళ్ళు పోల్చి చెప్పగలరు.

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది మాత్రం కూలింగ్ సిస్టం గురించే. ఇక్కడ రబ్బరుతో పాటు ప్లాస్టిక్ కూడా చేరుతుంది. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ట్యాంకు, థర్మోస్టాట్ ఉండే డబ్బా, పైపుల కొసన ఉండే క్లిప్పులు, రేడియేటర్‌కి రెండు పక్కలా ఉండే డబ్బాలు, కొన్ని ఇంజిన్లలో వాటర్ పంపు రెక్కలు కూడా ప్లాస్టిక్కే. రోజూ వేడెక్కడం, చల్లారడం, ఒత్తిడి ఎక్కడం, దిగడం, ఇలా వేలసార్లయ్యాక ఆ ప్లాస్టిక్ బిస్కెట్ లాగా పెళుసు అవుతుంది. నాకు తెలిసింది ఇలా: ఏడో నెలలో దూర ప్రయాణం, రెండు గంటలు నడిపాక ఏసీలోంచి తియ్యటి వాసన వచ్చింది, కూలెంట్ వాసన అది. ఉష్ణోగ్రత ముల్లు నడిమధ్యలో నిటారుగా ఉంది, అయినా మనసొప్పక పక్కకి తీసి ఆపాను. బానెట్ ఎత్తితే కూలెంట్ ట్యాంకు మెడ దగ్గర అతుకులోంచి సన్నగా పొగలాగా ఆవిరి.

ఆ ముల్లు గురించి ఒక మాట తప్పకుండా చెప్పాలి. చాలా లగ్జరీ కార్లలో అది నిజమైన వేడిని నిజంగా చూపించదు. డ్రైవర్ కంగారుపడకుండా, చాలా డిగ్రీల తేడా మధ్య అది కదలకుండా ఉండేలా చేశారు. అది పైకి లేచేసరికి ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్డు వంకరపోయే వేడికి దగ్గరగా ఉంటారు, హెడ్డు వంకరపోతే దాని కింద అతుకుని మూసే గ్యాస్కెట్ పోతుంది, అక్కడితో ఆ కారు కథ చాలామందికి ముగిసిపోతుంది. అందుకే నేను ఓబీడీ పోర్టుకి చిన్న బ్లూటూత్ ముక్క పెట్టి, దూరం వెళ్ళేటప్పుడు అసలు కూలెంట్ ఉష్ణోగ్రత అంకెల్లో చూసుకుంటున్నాను. మన కారుకి మామూలుగా ఎంత ఉంటుందో తెలిస్తే నాలుగైదు డిగ్రీలు పెరిగినా వెంటనే తెలిసిపోతుంది. ఇంకొకటి, వేడిగా ఉన్నప్పుడు ఎట్టి పరిస్థితిలోనూ మూత తిప్పొద్దు. లోపల ఒత్తిడి ఉండబట్టే ఆ కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

ట్యాంకు విప్పినప్పుడు దాని అడుగున ఒక చిన్న గుర్తు చూపించాడు మా మెకానిక్. అచ్చులో పోసిన గుండ్రటి ముద్ర, లోపల బాణం, చుట్టూ 1 నుంచి 12 దాకా అంకెలు, మధ్యలో ఏడాది చివరి రెండంకెలు. బాణం ఏ అంకె వైపు ఉంటే ఆ నెలలో ఆ వస్తువు తయారైనట్టు. నా ట్యాంకు మీది ముద్ర కారు తయారైన ఏడాదే చూపించింది, అంటే ఫ్యాక్టరీలో పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆరోజు నుంచి నాకు అదొక అలవాటైపోయింది, ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద ఆ గడియారం ముద్ర కోసం వెతుకుతాను, సెల్‌ఫోన్ టార్చి వేసి చూస్తే చాలాచోట్ల దొరుకుతుంది. సర్వీస్ పుస్తకంలో మార్చాం అని స్టాంపు ఉండొచ్చు, ఆ బాణం మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

ఆ దెబ్బతో ఒక నిర్ణయం తీసుకున్నాను. ట్యాంకు ఒక్కటే మార్చి ఊరుకోలేదు. పై పైపు, కింద పైపు, థర్మోస్టాట్, వాటర్ పంపు, బెల్టు, మూతతో సహా మొత్తం ఒకేసారి మార్పించాను. ఒక్కటే కొత్తది పెడితే ఒత్తిడి వెళ్ళి పక్కన ఉన్న పాతదాన్ని పగలగొడుతుందని అందరూ అంటారు, అదెంత నిజమో గానీ అసలు కారణం ఇంకా తేలిక: అన్నీ ఒకే ఏడాదిలో పుట్టాయి, అన్నీ ఒకే వేడి తిన్నాయి, ఒకటి పోయిందంటే మిగతావి వరసలో ఉన్నట్టే. కూలీ కూడా ఒక్కసారే పడుతుంది. కూలెంట్ మాత్రం కంపెనీ చెప్పిన రకమే, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. రంగు ఒకటే కదా అని ఏదో ఒకటి కలపకండి, రంగుకీ రకానికీ సంబంధం లేదు.

బుష్‌ల విషయంలో జరిగింది ఇంకా బాధ కలిగించింది, ఎందుకంటే అక్కడ డబ్బు పెట్టి కూడా నష్టపోయాను. రెండో ఏడాదిలో ముందు చక్రాల కంట్రోల్ ఆర్మ్‌ల (చక్రాన్ని బాడీకి కలిపే చేతులు) బుష్‌లు మార్పించాను, మంచి కంపెనీవే, వేరే షెడ్డులో. ఎనిమిది నెలలకే మళ్ళీ బ్రేకు కొడితే స్టీరింగ్ ఒక పక్కకి లాగడం, గతుకు మీద టక్ మనడం. మా పాత మెకానిక్ దగ్గరికి వెళ్తే లిఫ్ట్ మీద ఎక్కించి, పొడుగాటి ప్రై బార్ పెట్టి ఆర్మ్‌ని మెల్లగా కదిపి చూపించాడు. కొత్త రబ్బరు లోపలి ఇనప గొట్టం చుట్టూ అర్ధచంద్రంలా చిరిగి ఉంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగించారని చెప్పాడు. ఈ బుష్‌లో రబ్బరు బయటి కప్పుకీ లోపలి గొట్టానికీ అంటుకుపోయి ఉంటుంది, బోల్టు బిగించగానే గొట్టం అక్కడే లాక్ అయిపోతుంది. తర్వాత కారు కిందికి దిగి బరువు పడితే ఆర్మ్ పైకి లేస్తుంది, అప్పుడు రబ్బరు మెలి తిరిగిన స్థితిలోనే బతకాలి. ఆగి ఉన్నా మెలి, నడుస్తున్నా మెలి, గతుకు పడితే ఇంకా మెలి. చిరగకుండా ఎలా ఉంటుంది?

ఈసారి ఆయన చేసిన పని దగ్గర నిలబడి చూశాను. బోల్టులన్నీ చేత్తో వదులుగా ఎక్కించి, హబ్ కింద స్టాండు జాకీ పెట్టి, చక్రం మామూలుగా నేల మీద ఉన్నప్పుడు ఫెండర్ అంచుకీ హబ్ మధ్యకీ ఎంత దూరం ఉంటుందో ముందే టేపుతో కొలిచి రాసుకున్న లెక్క వచ్చేదాకా ఎత్తి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించాడు. అదనంగా పట్టిన సమయం పది నిమిషాలు. ఆ బుష్‌లు ఇప్పటికీ ఉన్నాయి. మీరు ఎవరి దగ్గర పని చేయించినా ఈ ఒక్క ప్రశ్న అడగండి: బోల్టులు బరువు మీద బిగిస్తారా, గాల్లో బిగిస్తారా అని. జవాబు చెప్పే తీరులోనే ఆ మనిషి పని ఎలాంటిదో తెలిసిపోతుంది. తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు.

గేర్‌బాక్స్ ఆయిల్ గురించి చాలా పాత వాదన ఒకటి ఉంది. అది జీవితకాలం ఉంటుంది, మార్చక్కర్లేదు అని కార్ల కంపెనీలు చెబుతూ వచ్చాయి. ఎన్నో లగ్జరీ కార్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు చేసి ఇచ్చే జెడ్‌ఎఫ్ సంస్థ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య లేదా ఎనిమిదేళ్ళలోపు మార్చమంటుంది. తయారుచేసినవాళ్ళ మాటే వినాలని నా అభిప్రాయం, చూడండి, వాళ్ళు కూడా ఏళ్ళ లెక్క చెప్పారు. ఇలాంటి గేర్‌బాక్సుల్లో చాలావాటికి అడుగున ఆయిల్ పట్టే పళ్ళెం, అంటే పాన్, ప్లాస్టిక్‌దే, ఫిల్టర్ అందులోనే అతికి ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ పాన్ వంగి అంచుల్లోంచి ఆయిల్ చెమర్చుతుంది. మార్చేటప్పుడు పాన్ మొత్తం మార్చాలి. ఆయిల్ లెవెల్ చూసేటప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉండాలి, ఆయిల్ ఎంత వేడి మీద ఉండాలో ఆ గేర్‌బాక్స్‌కి కంపెనీ చెప్పిన లెక్క ఉంటుంది, ఆ వేడిని స్కానర్‌లో చూస్తూ చెయ్యాలి. చల్లగా ఉన్నప్పుడు కళ్ళతో అంచనా వేసి పోసేవాళ్ళకి ఈ పని ఇవ్వకండి.

కరెంటు సమస్యలు చాలామందిని భయపెడతాయి గానీ నా అనుభవంలో సగం భయాలు బ్యాటరీ దగ్గరే తీరిపోతాయి. ఒకరోజు పొద్దున స్క్రీన్ మీద వరసగా తొమ్మిది హెచ్చరికలు, ఏబీఎస్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్, ఒకటి కాదు. బ్యాటరీ వోల్టేజ్ చూస్తే 11.8 ఉంది, బాగా చార్జయిన బ్యాటరీకి 12.6 పైన ఉండాలి. కొత్త బ్యాటరీ వేసి, కొత్తది వేశామని కారు కంప్యూటర్‌లో రిజిస్టర్ చేయించాక అన్నీ మాయం. ఈ రిజిస్ట్రేషన్ అడిగే కార్లలో అది చెయ్యకపోతే కారు పాత బ్యాటరీకి పెట్టినట్టే కొత్తదానికీ చార్జింగ్ పెట్టి దాన్ని తొందరగా పాడుచేస్తుంది. కారు తాళం వేసి పడుకోబెట్టాక కూడా కరెంటు తాగుతోందేమో అనుమానముంటే మీటరు పెట్టి అరగంట పైన ఆగి చూడండి, కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి టైం పడుతుంది, ఆ తర్వాత 50 మిల్లీఆంప్స్ లోపు ఉంటే దిగులు లేదు.

కరెంటుకి నిజమైన శత్రువు నీళ్ళు. సన్‌రూఫ్ నాలుగు మూలల్లో పడ్డ వాననీళ్ళు సన్నటి రబ్బరు గొట్టాల్లోంచి కిందికి పోతాయి. ఆ గొట్టాలు ఆకులూ దుమ్ముతో పూడితే నీళ్ళు లోపలికి, కార్పెట్ కిందికి, అక్కడే ఉండే కంప్యూటర్ డబ్బాల మీదికి వస్తాయి. ఏడాదికి రెండుసార్లు గడ్డి కోసే మెషిన్‌లో వేసే నైలాన్ తీగ మెల్లగా పంపి శుభ్రం చేస్తాను, గాలి గట్టిగా కొట్టను, కొడితే లోపల గొట్టం జాయింటు ఊడిపోవచ్చు. తర్వాత ఒక చెంచా నీళ్ళు పోసి అవి చక్రం దగ్గర కారడం చూశాకే లేస్తాను.

గాలి సస్పెన్షన్ ఉన్న కారు నేను కావాలనే తీసుకోలేదు. అది పనిచేస్తున్నప్పుడు దానంత హాయి ఇంకోటి లేదు, ఒప్పుకుంటాను. మా స్నేహితుడి కారు పొద్దునకల్లా ఒక మూల కుంగిపోయేది, స్టార్ట్ చేస్తే లేస్తుంది కదా అని నాలుగు నెలలు నడిపాడు. రబ్బరు తిత్తి మడతలో చిన్న పగులు, దాన్ని పూడ్చడానికి కంప్రెసర్ రోజంతా ఆడి ఆడి కాలిపోయింది. సబ్బు నీళ్ళు చల్లితే బుడగలతో దొరికిపోయే లీకు అది. తిత్తి ఒక్కటీ మారిస్తే సరిపోయేది, కంప్రెసర్‌తో కలిపి మార్చాల్సొచ్చింది.

డబ్బు గురించి దాచకుండా చెబుతాను. మొదటి పన్నెండు నెలల్లో కారు కొన్న ధరలో దాదాపు మూడో వంతు మరమ్మతులకే పెట్టాను. కారు ధర తొమ్మిదేళ్ళలో బాగా పడిపోయి ఉండొచ్చు, దాని భాగాల ధర పడదు, కొత్తగా ఉన్నప్పుడు ఎంత ఖరీదైన కారో దాని బుష్ ఇప్పటికీ ఆ స్థాయిదే. ఆ మూడో వంతు చేతిలో లేకపోతే ఒక మెట్టు కింది కారు కొత్తది తీసుకోమని మనస్ఫూర్తిగా చెబుతాను, ఎందుకంటే డబ్బు లేక వాయిదా వేసే ప్రతి పనీ ఈ కార్లలో పక్కదాన్ని తినేస్తుంది. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ గట్టిపడి ఆయిల్ చెమర్చుతుంది, వదిలేస్తే అది వేడి ఎగ్జాస్ట్ మీద పడి కాలిన వాసన, ప్లగ్గు గుంటల్లోకి దిగితే కాయిల్స్ పాడు. రెండో ఏడాది ఖర్చు సగానికి తగ్గింది, మూడో ఏడాది ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, అంతే.

ఖర్చు తగ్గించుకునే మంచి దారి ఒకటుంది. కారు కంపెనీ డబ్బాలో వచ్చే భాగం చాలాసార్లు వేరే కంపెనీ చేసిచ్చిందే. అదే భాగం ఆ తయారీదారు సొంత డబ్బాలో తక్కువ ధరకి దొరుకుతుంది. సస్పెన్షన్‌కి లెమ్‌ఫోర్డర్, షాకులకు సాక్స్ (Sachs), రెండూ జెడ్‌ఎఫ్ వాళ్ళవే. కరెంటు వస్తువులకు బాష్, ఫిల్టర్లకు మాలే, మాన్. ఆర్డర్ చేసేముందు ఛాసిస్ నంబరులోని 17 అక్షరాలూ ఇచ్చి పార్ట్ నంబర్ తీయించండి, ఒకే ఏడాదిలో కూడా మధ్యలో డిజైన్లు మారుతుంటాయి. లైట్లు, స్విచ్చులు, సీటు మోటార్లు పాత కార్లవి తీసుకున్నా నేనేమీ అనను. పాత కారు నుంచి తీసిన రబ్బరు వస్తువు మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోను. కొత్తది వచ్చినా డబ్బా విప్పి ముందు ఆ బాణం ఏ నెల చూపిస్తోందో చూసుకుంటాను.

ఇప్పుడు నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. అందులో కిలోమీటర్ల వరస పక్కన తేదీల వరస. ఇంజిన్ ఆయిల్ 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళు, అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగిపోతుంది. తలుపు బీడింగులకు ఆరు నెలలకోసారి సిలికాన్ గ్రీజు పలచగా రాస్తాను, పెట్రోలియం నూనెలు రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. వారానికి ఒక్కసారైనా ఇంజిన్ పూర్తిగా వేడెక్కేంత దూరం నడుపుతాను.

మౌంటింగులు మార్చిన రోజు సాయంత్రం జరిగింది మాత్రం ఇంకా కళ్ళముందే ఉంది. షెడ్డు నుంచి బయటికి వచ్చి మొదటి సిగ్నల్ దగ్గర ఆగాను. స్టీరింగ్ మీద రెండు చేతులూ వదులుగా పెట్టి కూర్చుంటే ఏమీ తెలియలేదు, అద్దం కదలడం లేదు, సీటులో ఏమీ లేదు. ఇంజిన్ ఆగిపోయిందేమో అని గుండె గుభేల్‌మంది. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటర్ వైపు చూశాను. ముల్లు 650 మీద కదలకుండా నిలబడి ఉంది.